మూడంతస్తుల ఎండాకాలం

ఆ ఎండాకాలం మా ఇంట్లో రెండు ప్రాణాలు చెరో అంతస్తులో కొట్టుమిట్టాడాయి. పై అంతస్తులో నెలలు నిండకుండా పుట్టిన నా కూతురు. కింది అంతస్తులో పక్షవాతంతో మంచం పట్టిన మా మామగారు. ఇద్దరికీ కలిపి ఒకటే ఏసీ మిషను.

మిషను కింద హాలు వెనక గదిలో ఉండేది. అక్కణ్ణుంచి రేకు గొట్టాలు గోడల్లోంచి పైకి వెళ్ళేవి. కింద హాల్లో గాలి రివ్వున కొట్టేది. మధ్య అంతస్తులో ఫరవాలేదు. మా గదికి వచ్చేసరికి ఎవరో పాలు చల్లార్చడానికి ఊదినంత. ఆ ఊదిన కాస్తా మెట్లమీంచి జారి మళ్ళీ కిందికే పోయేది, ఇంట్లో ఉన్న వేడంతా మెట్లెక్కి మా దగ్గరికొచ్చేది. ఒక కంట్లో వెన్న, ఒక కంట్లో సున్నం అంటారే, అదీ ఆ మిషను వరస.

"కింద చలికాలం, మధ్యలో వానాకాలం, పైన ఎండాకాలం. డబ్బిచ్చినా ఇలాంటి ఇల్లు దొరకదు" అనేవాడు మా ఆయన. దూరప్రాంతాల బస్సు నడిపేవాడు, వారానికి రెండు రోజులు ఇంటికొచ్చి, ఆ రెండు రోజులూ వానాకాలంలో పడి నిద్రపోయేవాడు. కాబట్టి నవ్వడానికి ఓపిక ఉండేది.

ఇల్లు కట్టింది మా మామగారే. పెద్దమేస్త్రి అంటే ఆ చుట్టుపక్కల తెలియనివాళ్ళు లేరు. ఇటుకని వేలి కణుపుతో కొట్టి, ఆ మోత విని కాలిందో పచ్చిదో చెప్పేవారు. ఊరందరికీ గట్టి ఇళ్ళు కట్టిన మనిషి, మా పెళ్ళి కుదిరాక పై అంతస్తు రెండు నెలల్లో హడావిడిగా లేపారు. పలచటి కప్పు, పడమటి ఎండ. పక్షవాతం వచ్చి ఆయన కుడిపక్కా, మాటా రెండూ పోయాయి. ఎడమచెయ్యి మిగిలింది. మంచం పక్క గోడమీద ఆ చేతి కణుపులతో కొట్టి మాట్లాడేవారు. ఒక దెబ్బ అంటే కాదు, రెండు అంటే అవును, మూడు అంటే ఎవరైనా రండి. ఆ గోడ మెట్లపక్క గోడ. మూడో అంతస్తు దాకా వినపడేది.

ఏసీని నడిపే మీట హాల్లో గోడమీద ఉండేది, అంకెల చుట్టూ తిప్పే పాతరకం. గది వేడిని కనిపెట్టి మిషనుని ఆపేదీ, నడిపేదీ అదే. దానికి ప్లాస్టిక్ మూత, మూతకి తాళం, తాళంచెవి మా వదిన నడుముకి. మా ఆయనకి అక్క ఆవిడ. మధ్య అంతస్తులో కుట్టుమిషను పెట్టుకుని ఇంటిని, తండ్రిని, తమ్ముణ్ణి ఆవిడే సాకుతూ వచ్చింది. మాట కటువు, చెయ్యి చల్లన.

"ఒక్క రెండు డిగ్రీలు తగ్గిస్తే పైకి కాస్త గాలొస్తుందేమో వదినా" అని అడిగాను, ఎండలు ముదిరిన మొదటి వారంలో.

"ఇరవై ఆరు. అంతకన్నా తగ్గితే నాన్నకి పడదు. డాక్టరు నీముందే చెప్పాడుగా?"

"చెప్పారనుకోండి. పాపకి..."

"పాపని కిందికి తెచ్చేసుకో మరి."

కింద మామయ్య గొంతులో ఎప్పుడూ కఫం, చూడ్డానికి వచ్చేపోయే జనం. మధ్యలో వదిన కత్తిరింపుల నూగు గాల్లో తేలుతూ ఉండేది. దగ్గు, దుమ్ము రెండూ పాపకి తగలకూడదన్నాడు పిల్లల డాక్టరు. ఆ మాట వదినకీ తెలుసు. "నేనేం చెయ్యను పిల్లా, ఉన్న కాస్త గాలిని ఎవరికని కోసిపెట్టను?" అంది, మెడమీద చెమట కొంగుతో తుడుచుకుంటూ. ఆవిడకి యాభై నిండాయి. ఆ వయసు ఆడవాళ్ళకొచ్చే ఆవిర్లు ఆవిడకి గంటకోసారి వచ్చేవి. కుడుతూ కుడుతూ లేచిపోయి కిందికెళ్ళి, గాలి కొట్టేచోట రెండు నిమిషాలు నిలబడి వచ్చేది.

నా ఉద్యోగం గురించి చెప్పాలి, లేకపోతే నేను చేసిన పని ఎంత సిగ్గుమాలినదో తెలియదు. నేను టీకామందులు దాచే కోల్డ్ స్టోర్లో ఉష్ణోగ్రతలు రాసేదాన్ని. తొమ్మిదేళ్ళు. కొత్తగా చేరినవాళ్ళకి నేను నేర్పే మొదటి పాఠం ఒకటే: ఒక్క థర్మామీటరు చూసి గది బాగుందనుకోకండి. తలుపు దగ్గర ఒకటి, ఫ్యాను ఎదురుగా ఒకటి, మూల ఒకటి. గాలి ఎక్కడ తగులుతుందో అక్కడే మందు గడ్డకట్టి చస్తుంది. వేడికి పాడైన మందు సంగతి అందరికీ తెలుసు, చలికి పాడైన మందు చూడ్డానికి బాగానే ఉంటుంది. ఇది పాఠంలా అప్పగించేదాన్ని.

ప్రసవం సెలవులో ఇంటికి ఒక పాత థర్మామీటరు తెచ్చుకున్నాను. ఒకటే. దాన్ని పాప ఉయ్యాలకి కట్టాను.

* * *

ముప్పై రెండు, ముప్పై మూడు, ముప్పై నాలుగు. నోట్‌బుక్కులో రోజుకి మూడుసార్లు రాసేదాన్ని. ఒక మధ్యాహ్నం ముప్పై ఆరు చూపించింది. పాప ఏడవడం మానేసింది. నోరు తెరిచి, కళ్ళు సగం మూసి, పొట్ట ఎగరేస్తోంది. తడిబట్ట వేస్తే వణుకుతుందేమోనని భయం, వెయ్యకపోతే ఏమవుతుందోనని భయం. డాక్టరుకి ఫోన్ చేస్తే, "గది చల్లబరచండమ్మా. మళ్ళీ ఇలా అయితే ఆస్పత్రిలో పెట్టాల్సి వస్తుంది" అన్నాడు. ఆస్పత్రిలో గాజుపెట్టెలో మూడు వారాలుంచి తెచ్చుకున్న పిల్ల.

మర్నాడు ఉదయం మామయ్యకి మందులివ్వడానికి కిందికెళ్ళాను. అది నా పని. ఏసీ మీట కింద చిన్న అరమీద మామయ్య పాత టేబుల్ లైటు ఉండేది, లెక్కలు చూసుకునే రోజుల్లోది, వేడెక్కే బల్బు. మూత తీయలేను. కానీ మీటకి గది వేడిగా ఉందని అనిపిస్తే మిషను ఆగదు. స్టోర్లో ఇలాంటి తప్పు ఒకసారి జరిగింది. ఎవరో వేడి టీ గ్లాసు సెన్సారు పక్కన పెడితే గది మొత్తం గడ్డకట్టింది. వాణ్ణి తిట్టినదాన్ని నేనే.

లైటుని అంగుళం జరిపాను, దాని తల పైకి వంచాను, స్విచ్ వేశాను. వెనక గదిలో మిషను అందుకుంది.

తలతిప్పితే మామయ్య నావంకే చూస్తున్నారు. మంచం సరిగ్గా ఎదురుగా.

ఒకటి, రెండు, మూడు. గోడమీద కణుపుల చప్పుడు.

ఉలిక్కిపడి దగ్గరికెళ్ళాను. "ఏం కావాలి మామయ్యా? నీళ్ళా?"

ఒక దెబ్బ.

"టీయా?"

ఒక దెబ్బ. ఆయన కళ్ళు లైటు మీదే ఉన్నాయి. నేను అడగాల్సిన మూడో ప్రశ్న నాకు తెలుసు. అడగలేదు. దుప్పటి మెడదాకా లాగి, పాప ఏడుస్తోందంటూ మెట్లెక్కేశాను. నిజంగానే ఏడుస్తోంది.

ఆయనకి మాట లేదన్న ధైర్యంతోనే ఆ పని చేశాను. ఎన్నేళ్ళయినా ఈ వాక్యం నాకు నేను చెప్పుకోవాల్సిందే.

* * *

ఆ రోజు మధ్యాహ్నం పై గది ముప్పై దాటలేదు. మర్నాడు ఇరవై తొమ్మిది. పాప పాలు తాగింది, నిద్రపోయింది, వారంలో బుగ్గలొచ్చాయి. నేను మాత్రం తేలుకుట్టిన దొంగలా తిరిగాను. ఉదయం మందులప్పుడు లైటు వెయ్యడం, సాయంత్రం జావ ఇచ్చేటప్పుడు ఆర్పడం. వదిన మెట్లు దిగుతున్న చప్పుడైతే గభాల్న మంచం పక్కకి జరిగేదాన్ని. ఆవిడేమో హాల్లోకి వచ్చి, "ఈమధ్య మిషను దారిలోకొచ్చింది, హాయిగా ఉంది" అని నిలబడి చెమటలార్చుకునేది.

కింద చలి నాకు తెలియలేదా? తెలిసింది. పైనించి దిగేసరికి చేతులమీద రోమాలు లేచేవి. పై గది వేడిలోంచి వచ్చాను కాబట్టి అలా ఉందిలే అనుకున్నాను. తాగి పక్కన పెట్టిన నీళ్ళగ్లాసు ఒకరోజు సాయంత్రం చల్లగా తగిలింది, ఫ్రిజ్జువి కావు. ఫ్యాను ఎదురుగా, తలుపు దగ్గర, మూల. పాఠం మొత్తం నోటికొచ్చు. థర్మామీటరు విప్పి కిందికి తేవడానికి ఒక్క నిమిషం పట్టదు. తెస్తే అంకె కనపడుతుంది, అంకె కనపడితే లైటు ఆర్పాలి. అందుకే తేలేదు.

దుప్పటి ఉందిగా అని సర్దిచెప్పుకునేదాన్ని. ఆ దుప్పటి చచ్చుపడిన పక్కనించి జారిపోయేది, ఆయన లాక్కోలేరు. వదిన వచ్చి, "ఎండాకాలంలో ఇంత దుప్పటేమిటి, ఒళ్ళు చెమర్చి వీపు పుండ్లు పడతాయి" అని పూర్తిగా తీసి మడతపెట్టి, పలచటి పక్కదుప్పటి కప్పేది. నేను మళ్ళీ కప్పేదాన్ని, ఆవిడ మళ్ళీ తీసేది. ఇద్దరం ఆయన మేలే కోరుతున్నామని ఎవరైనా అనుకుంటారు.

గోడమీద చప్పుళ్ళు తగ్గాయి. మొదట్లో రోజుకి పదిహేనుసార్లు పిలిచే మనిషి. పది అయ్యాయి, ఐదయ్యాయి.

"నాన్న నెమ్మదించాడు. ఇదివరకటి విసుగు లేదు" అంది వదిన ఒకరోజు, సూదిలో దారం ఎక్కిస్తూ.

"అవును వదినా."

"నిద్ర కూడా బాగా పోతున్నాడు."

"అవును."

ఆవిడ సూదిలోంచి తలెత్తి నావంక చూసింది. నేను పాపవంక చూసుకున్నాను. ఆ చూపు వారమంతా నన్ను వదల్లేదు. కనిపెట్టిందా? కనిపెడితే అడగదా? ఏదీ మనసులో దాచుకునే మనిషి కాదే! మా ఆయనకి ఫోన్లో చెప్పబోయి రెండుసార్లు మింగాను. చెప్పానంటే ఆపెయ్యమంటాడు. ఆపితే ముప్పై ఆరు. ముందు నుయ్యి వెనక గొయ్యి అని లోకం ఊరికే అనలేదు, కాకపోతే నేను ఆ గోతిలోకి ఇంకో మనిషిని తోసి నా పిల్లని గట్టునపెట్టుకున్నాను.

* * *

ఒక మంగళవారం మధ్యాహ్నం. పాపకి పాలుపట్టి పడుకోబెట్టాను. థర్మామీటరు ఇరవై ఎనిమిదిన్నర. నోట్‌బుక్కులో రాస్తుంటే ఏదో లోటనిపించింది. కిటికీ, ఫ్యాను, పాప ఊపిరి, అన్నీ ఉన్నాయి. మెట్లవైపు గోడకి చెవి ఆనించాను. పొద్దున్నించి ఒక్క చప్పుడు కూడా లేదు.

రాస్తున్న కలం కింద పడేసి, ఉయ్యాలకి కట్టిన దారం పళ్ళతో తెంపి, థర్మామీటరు గుప్పిట్లో పట్టుకుని దిగాను. మధ్య అంతస్తులో కుట్టుమిషను ఆగి ఉంది. వదిన వంటగదిలో ఏదో కడుగుతోంది. హాల్లో అడుగుపెట్టేసరికి పాదాలు జిల్లుమన్నాయి.

మామయ్య గోడవైపు తిరిగి ఉన్నారు. ఎడమచెయ్యి గోడకి ఆనించే ఉంది, వేళ్ళు ముడిచి, కొట్టబోతున్నట్టు.

"మామయ్యా."

కళ్ళు తెరిచారు. నన్ను చూశారో లేదో తెలియదు. చెయ్యి పట్టుకున్నాను. స్టోర్లో ట్రేలు ముట్టుకున్నప్పుడు తెలిసే చలి అది, మనిషికి ఉండేది కాదు. వణుకు కూడా లేదు. వణుకు ఆగిపోయిందంటే ఒళ్ళు చలికి ఓడిపోతోందని నాకు తెలుసు. థర్మామీటరు ఆయన చంకలో పెట్టి, చెయ్యి నొక్కిపట్టి కూర్చున్నాను. ముప్పై మూడు. మనిషికి ముప్పై ఏడు ఉండాలి. ఇంకాసేపు పెట్టాను. ముప్పై మూడే. తీసి పక్కన బల్లమీద పెట్టాను. అంకె దిగడం మొదలుపెట్టింది. ఇరవై ఐదు, ఇరవై, పద్దెనిమిది. పదహారు దగ్గర ఆగింది.

"వదినా!" అని అరిచాను. ఆ అరుపు నాదేనా అనిపించింది. పైన పాప లేచి ఏడుపందుకుంది.

వదిన తడిచేతులతో పరుగెత్తుకొచ్చింది. దుప్పట్లన్నీ తెచ్చాం. తన ఒళ్ళు ఆవిర్లతో కాలిపోతోందని తిట్టుకునే మనిషి, తండ్రి పక్కన మంచమెక్కి, ఆయన్ని రెండుచేతులా గుండెకి అదుముకుని పడుకుంది. "నా వేడి తీసుకో నాన్నా, నా వేడి తీసుకో" అంటోంది. నేను ఆంబులెన్సుకి ఫోన్ చేసి, దారి చెప్పి, ఆవిడ చూడకుండా లైటు ఆర్పేశాను. ఆ కంగారులో కూడా అది మర్చిపోలేదు చూడండి.

* * *

ఆస్పత్రిలో కుర్ర డాక్టరు కాగితం చూసి, మమ్మల్ని చూసి, మళ్ళీ కాగితం చూశాడు.

"బయట నలభై రెండు ఉంది. ఈయనకి ఇంత చలి ఎక్కడ తగిలింది? ఇంట్లో చూసుకునేది ఎవరు?"

"నేనే" అంది వదిన.

"గది చల్లగా ఉందని మీకు అనిపించలేదా అమ్మా?"

"నాకు హాయిగా ఉండేది." వదిన గొంతు వినపడీ వినపడనట్టుంది. "నాకు... ఒంట్లో ఆవిర్లు. దుప్పటి కూడా నేనే తీసేదాన్ని. నాన్నని నేనే చంపుకున్నాను."

"ఇంకా ఏం కాలేదు. రెండు రోజులు గడవనివ్వండి."

నేను పాపని భుజాన వేసుకుని పక్కనే నిలబడ్డాను. నోరు తెరవాల్సిన క్షణం అదే. తెరవలేదు. ఆ రెండు రోజులు, ఇంకో మూడు రోజులు, ఆవిడ ఆ కుర్చీలో అలాగే కూర్చుంది. ఆవిరి వచ్చినప్పుడల్లా కొంగు విసురుకోకుండా, చెమట కారుతుంటే కారనిచ్చింది, శిక్ష వేసుకున్నట్టు. మా ఆయన వచ్చి, "అక్కా, నువ్వేం చేశావని" అని ఓదార్చాడు. నేను ఆవిడకి అన్నం తీసుకెళ్ళేదాన్ని. ఆవిడ తినేది కాదు, నేను తినమనేదాన్ని. నాకు నేనంటే భయం వేసింది. ఇంత తేలిగ్గా ఇంకొకరి నెత్తిన పెట్టి నిలబడగలిగే మనిషినని నాకు అంతవరకు తెలియదు.

* * *

ఆరో రోజు మామయ్యని ఇంటికి తెచ్చాం. మంచం గాలి తగలని మూలకి జరిపాడు మా ఆయన, డ్యూటీకి వెళ్ళిపోయాడు. మిషను ఇరవై ఆరులో దాని మానాన అది ఆగి ఆగి నడుస్తోంది. వదిన తండ్రి కాళ్ళకి మేజోళ్ళు తొడుగుతోంది. పైన గదిలో మళ్ళీ ముప్పై నాలుగు. పాప గుక్కపెట్టి ఏడుస్తోంది, గోడలోంచి వినపడుతోంది.

వెళ్ళాలి. వెళ్ళలేకపోయాను.

"మామయ్యా," అన్నాను, "ఆ లైటు నేనే పెట్టాను. మిషను ఆగకూడదని. పాప కోసం."

వదిన చేతులు మేజోడు మీద ఆగాయి. నేను ఆవిడవైపు చూడలేదు.

గోడమీద రెండు దెబ్బలు. అవును. తెలుసు.

"మీకు చలేసిందా?"

రెండు దెబ్బలు.

"మరి పిలవలేదేం మామయ్యా? మొదటిరోజు పిలిచారు. తర్వాత చలేస్తోందని ఒక్కసారి కూడా పిలవలేదేం?"

అవును, కాదు అని జవాబు చెప్పగల ప్రశ్న కాదది. ఆయన చెయ్యి గోడమీంచి తీశారు. చూపుడువేలు చాపి, పైకప్పు వైపు ఎత్తి పట్టుకున్నారు. పాప ఏడుపు వినపడుతోంది. అది వినపడినంతసేపూ ఆ వేలు దించలేదు.

నేను మంచంకోడు పట్టుకుని కూలబడ్డాను. వదిన లేచింది. కొడుతుందనుకున్నాను, కొట్టినా బాగుండేది. అరదగ్గరికెళ్ళి లైటు తీగ పీకి, చేతికి చుట్టుకుంటూ నిలబడింది.

"రెండోరోజే చూశాను దీన్ని" అంది. "దుమ్ము తుడిచి, ఎక్కడుందో అక్కడే పెట్టాను. ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో తెలియదనుకున్నావా? చల్లగా ఉంది కదా, పిల్ల కూడా పడుకుంటోంది కదా అని ఊరుకున్నాను. డాక్టరు ముందు సగమే చెప్పాను."

ఆ హాల్లో ఉన్న ముగ్గురికీ మొదటి రెండు రోజుల్లోనే తెలుసన్నమాట. ఎవరి కారణాలకి వాళ్ళం నోరు మూసుకున్నాం. అందులో నోరు లేనిది ఒక్కరికే.

"లే" అంది వదిన. "పిల్ల ఏడుస్తోంది. ఉయ్యాల నా గదిలోకి దించు. నా కుట్టుమిషను పైకి ఎక్కిద్దాం."

"పైన మీకు ఆవిర్లు..."

"నోర్మూసుకుని అటు పట్టు."

ఆ సాయంత్రం కుట్టుమిషనుని ఇద్దరం చెరోపక్క పట్టుకుని మెట్లెక్కించాం. కత్తిరింపులన్నీ ఊడ్చి, నేల మూడుసార్లు తడిబట్టతో తుడిచాం. ఇంత చిన్నపని. రెండు నెలల ముందు చేయాల్సింది. ఆ ఎండాకాలం మిగిలిన నాళ్ళు ఆవిడ ఆ పెనం మీద కూర్చుని కుట్టింది, ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు.

మామయ్య ఇంకో రెండేళ్ళు బతికారు. పాప ఆయన మంచం పట్టుకునే నిలబడటం నేర్చుకుంది, ఆయనతోపాటు గోడమీద కొట్టడం కూడా. అంతస్తుకి మూడు చొప్పున ఇల్లంతా తొమ్మిది థర్మామీటర్లు వేలాడదీశాను. రోజూ ఉదయం మందులిచ్చేటప్పుడు అడిగేదాన్ని.

"చలిగా ఉందా మామయ్యా?"

ఒక దెబ్బ. కాదు.

ఆ ఒక్క దెబ్బని నేను ఏనాడూ నమ్మలేదు. ఆయన చెయ్యి నా చేతుల్లోకి తీసుకుని, వేళ్ళు ఒక్కొక్కటీ తడిమి చూసి, ఆ తర్వాతే మెట్లెక్కేదాన్ని.